సీసీల కన్నా ముందు సెంటీమీటర్లు

రొమ్ములో అమర్చే ఇంప్లాంట్‌ను ఎంచుకోవడం ముందుగా కొలతకు సంబంధించిన విషయం. కోరికకు అందులో తప్పనిసరిగా చోటు ఉంది గానీ, ఆ చోటు కొలత గీసిన హద్దుల లోపలే ఉంటుంది. ఇంప్లాంట్ అంటే సిలికోన్ రబ్బరు పొరతో చేసిన మూసి ఉన్న సంచి. దాని లోపల చిక్కని సిలికోన్ జెల్ గానీ, శుద్ధి చేసిన ఉప్పునీరు గానీ ఉంటుంది. దాని ఘనపరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో, అంటే ఆసుపత్రి వాడుకలో చెప్పే సీసీలలో లెక్కిస్తారు. ఒక సీసీ ఒక మిల్లీలీటరుకు సమానం. ప్లాస్టిక్ సర్జన్ ఎదుట కూర్చున్న స్త్రీ సాధారణంగా మొదట అడిగేది "ఎన్ని సీసీలు పెట్టించుకుంటే బాగుంటుంది?" అని. ఆ ప్రశ్న సహజమైనదే అయినా దానితో సంభాషణ మొదలుపెట్టడం మంచిది కాదు, ఎందుకంటే ఒకే 300 సీసీల ఇంప్లాంట్ విశాలమైన ఛాతీ ఉన్న స్త్రీలో ఉన్నదీ లేనిదీ తెలియనట్టు ఒదిగిపోవచ్చు, సన్నని ఛాతీ ఉన్న స్త్రీలో చర్మాన్ని లాగిపెట్టి చంక వరకు జరగవచ్చు. సీసీ అనేది ఇంప్లాంట్ గురించి చెప్పే సంఖ్య. దాన్ని మోయవలసిన శరీరం గురించి అది ఏమీ చెప్పదు.

నూజివీడు మామిడి సీమలో ఈ విషయాన్ని విప్పి చెప్పవలసిన అవసరం పట్టణాలకన్నా ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం చిన్నరసాలకు, పెద్దరసాలకు, బంగినపల్లికి, కలెక్టర్ అని పిలిచే తోతాపురికి పేరుపడ్డది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల తోటల నుంచి వేసవిలో కాయ విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కు, అక్కడి నుంచి ఉత్తరాది నగరాలకు వెళ్తుంది. ఈ పనిలో స్త్రీల పాలు చాలా ఎక్కువ, ఆ పనికీ ఛాతీ కండరానికీ ఉన్న సంబంధం ముందు ముందు ప్రస్తావనకు వస్తుంది. అయితే రొమ్ము గురించిన మాట ఇక్కడి ఇళ్లలో పైకి రావడం అరుదు. రెండు రొమ్ములు పుట్టుకతోనే అసమానంగా ఉన్న ఆడపిల్ల పెళ్లి అయ్యేదాకా ఆ సంగతి తల్లికి కూడా చెప్పకపోవచ్చు; క్యాన్సర్ వల్ల ఒక రొమ్మును తీసేయించుకున్న గృహిణి జాకెట్టు లోపల గుడ్డ మడిచి పెట్టుకుని సంవత్సరాలు గడిపేయవచ్చు. తమకు ప్లాస్టిక్ సర్జరీలో ఏదో ఒక మార్గం ఉందని విన్నా, అది సినిమావాళ్ల వ్యవహారమన్న అభిప్రాయం వారిని విజయవాడ వరకు కూడా వెళ్లనివ్వదు.

తెలుగు నేలపై ఈ శస్త్రచికిత్స గురించిన బహిరంగ చర్చకు దారి వేసింది ఎక్కువగా క్యాన్సర్ వైద్యమే. భారతీయ స్త్రీలలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో మొదలైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఈ వ్యాధికి వైద్యం చేస్తూ వచ్చాయి. తల్లి ఉషాలక్ష్మి గారికి వచ్చిన రొమ్ము క్యాన్సర్ ప్రేరణగా, ఇంగ్లాండు నుంచి తిరిగివచ్చిన సర్జన్ పి. రఘురామ్ 2007లో హైదరాబాద్‌లోనే రొమ్ము వ్యాధులకు ప్రత్యేకించి కిమ్స్-ఉషాలక్ష్మి కేంద్రాన్ని ప్రారంభించారు. ఆమె పేరుతోనే నడిచే ఫౌండేషన్ ఈ వ్యాధి గురించి తెలుగులో బాహాటంగా మాట్లాడడాన్ని అలవాటు చేసింది. 2015లో ఆయనకు పద్మశ్రీ లభించింది. రొమ్మును తీసివేయడమే వైద్యానికి ముగింపు కాదని, గడ్డను తీసే పనినీ ఆకారాన్ని నిలిపే పనినీ ఒకే ప్రణాళికలో చూడాలని చెప్పే ఆంకోప్లాస్టిక్ సర్జరీ అన్న విభాగం వైద్యుల్లో నిలదొక్కుకున్నాకే, పునర్నిర్మాణం అన్న మాట సాధారణ కుటుంబాల చెవిన పడడం మొదలైంది. అందం కోసం చేసే పెంపుకూ, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికీ కారణాలు వేరైనా, ఇంప్లాంట్‌ను ఎంచుకునే లెక్కలో మూలసూత్రాలు రెండిటికీ ఒకటే.

ఆ లెక్క మొదటి నుంచీ ఉన్నది కాదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు 1962లో మొదటి సిలికోన్ జెల్ ఇంప్లాంట్‌ను ఒక స్త్రీకి అమర్చారు. తరువాతి దశాబ్దాల్లో పరిమాణం ఎంపిక చాలావరకు సర్జన్ కంటి అంచనా మీద, స్త్రీ చూపించే ఫొటోల మీద సాగింది. రొమ్ము కణజాలం ఎంత భారాన్ని మోయగలదో ముందే కొలవాలని పట్టుబట్టినవారిలో డాలస్ సర్జన్ జాన్ టెబెట్స్ ముఖ్యుడు. విలియం ఆడమ్స్‌తో కలిసి ఆయన 2005లో ప్రచురించిన పద్ధతి, అయిదు కొలతలతో అయిదు నిర్ణయాలు తీసుకోవచ్చని చూపింది. దాన్ని యథాతథంగా పాటించని సర్జన్లు కూడా ఇవాళ అందులోని ప్రధానమైన ఆలోచనను అంగీకరిస్తారు: ఏ ఇంప్లాంట్ అయినా రొమ్ము అసలు వెడల్పును దాటి పోకూడదు.

కొలతలు తీసే విధానం చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. స్త్రీ చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడుతుంది లేదా కూర్చుంటుంది. సర్జన్ మార్కర్ పెన్నుతో ఛాతీ ఎముక మధ్యగీతను, రొమ్ము కింది మడతను చర్మం మీద గీస్తారు. ఆ తరువాత రొమ్ము లోపలి అంచు నుంచి చంక వైపు అంచు వరకు ఉన్న దూరాన్ని కాలిపర్ అనే రెండు కాళ్ల కొలపరికరంతో అడ్డంగా కొలుస్తారు. ఇదే అడుగు వెడల్పు, మొత్తం లెక్కకు పునాది. టేపును ఒంటి మీద పరిస్తే ఒంపు వెంట నడిచి సంఖ్య పెరుగుతుంది కనుక, ఈ కొలతకు కాలిపరే నమ్మదగినది. రెండవది చిటికెడు కొలత: రొమ్ము పైభాగంలో చర్మాన్ని, దాని కింది కొవ్వును వేళ్ల మధ్య పట్టి మందం చూస్తారు; 2 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఇంప్లాంట్ అంచు బయటికి కనిపించకుండా కప్పగలిగే మందం అక్కడ లేదని అర్థం. మూడవది సాగుదల: చనుమొన చుట్టూ ఉన్న నల్లని చర్మాన్ని మృదువుగా ముందుకు లాగి, అది ఎన్ని సెంటీమీటర్లు వస్తుందో చూస్తారు. నాల్గవది, చర్మాన్ని పూర్తిగా సాగదీసినప్పుడు చనుమొన నుంచి కింది మడత వరకు ఉన్న దూరం. అయిదవది, ఇప్పటికే ఉన్న రొమ్ము కణజాలం ఆ సాగిన చర్మపు సంచిని ఎంత భాగం నింపుతోందన్న అంచనా. బిడ్డకు పాలిచ్చి మానిన తరువాత లోపలి కణజాలం తగ్గి, చర్మం మాత్రం వదులుగా మిగిలిన స్త్రీకీ, పెళ్లికాని బిగువైన చర్మం గల యువతికీ ఒకే అడుగు వెడల్పు ఉన్నా ఒకే సంఖ్య సరిపోకపోవడానికి కారణం ఈ చివరి మూడు కొలతల్లో ఉంది. టెబెట్స్ పద్ధతిలో చర్మం 2 సెంటీమీటర్ల కన్నా తక్కువ సాగితే వెడల్పును బట్టి వచ్చిన ప్రారంభ సంఖ్యలోంచి 30 సీసీలు తగ్గిస్తారు, 3 సెంటీమీటర్లు దాటితే 30, 4 దాటితే 60 సీసీలు కలుపుతారు.

అడుగు వెడల్పు మొత్తాన్ని ఇంప్లాంట్‌కే ఇచ్చేయడానికి కుదరదు, ఎందుకంటే రెండు అంచుల దగ్గరా దాన్ని కప్పే కణజాలం కొంత జాగా తీసుకుంటుంది. లోపలి అంచున, చంక వైపు అంచున చిటికెడు మందాలను కలిపి, అందులో సగాన్ని అడుగు వెడల్పులోంచి తీసివేస్తే ఇంప్లాంట్‌కు తగిన వ్యాసం వస్తుంది. ఒక స్త్రీ రొమ్ము అడుగు వెడల్పు 13 సెంటీమీటర్లు, రెండు అంచుల దగ్గరా మందం ఒక్కొక్క సెంటీమీటరు అనుకుంటే, ఆమెకు సరిపడే ఇంప్లాంట్ వ్యాసం 12 సెంటీమీటర్లు. ఇంత తేలాక గానీ ప్రొఫైల్ అన్న మాటకు అర్థం లేదు.

ప్రొఫైల్ అంటే ఒక నిర్దిష్టమైన అడుగు వెడల్పుకు ఇంప్లాంట్ ఛాతీ నుంచి ఎంత ముందుకు వస్తుందో తెలిపే వర్గీకరణ. ముందుకు వచ్చే ఆ ఎత్తును ప్రొజెక్షన్ అంటారు. తయారీదారులు లో, మోడరేట్, మోడరేట్ ప్లస్, హై, ఎక్స్‌ట్రా హై వంటి పేర్లతో దీన్ని విభజిస్తారు, అయితే ఒక కంపెనీ మోడరేట్ ప్లస్ అన్నది మరో కంపెనీ లెక్కలో వేరే పేరుతో ఉండవచ్చు కనుక పేరు కన్నా సెంటీమీటర్లను అడగడమే క్షేమం. కల్లంలో ఒకే కొలత ధాన్యాన్ని విశాలంగా పోస్తే కుప్ప చదునుగా ఉంటుంది, అదే ధాన్యాన్ని ఇరుకు జాగాలో పోస్తే ఎత్తుగా లేస్తుంది. ధాన్యం మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఇంప్లాంట్‌ను గుండ్రని అడుగు గల గుమ్మటంగా భావించి, అడుగు వ్యాసార్ధపు వర్గాన్ని ఎత్తుతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ సుమారు 2.1తో గుణిస్తే దాని ఘనపరిమాణం ఇంచుమించుగా వస్తుంది. ఆ లెక్కన 13 సెంటీమీటర్ల వ్యాసం, 3.4 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇంప్లాంట్ 300 సీసీలు, 12 సెంటీమీటర్ల వ్యాసం, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదీ 300 సీసీలే, 11.2 సెంటీమీటర్ల వ్యాసం, 4.6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదీ అంతే. పెట్టె మీద ఒకే సంఖ్య ముద్రించి ఉన్న ఈ మూడూ ఒంటి మీద మూడు రకాలుగా కనిపిస్తాయి.

పైన చెప్పిన స్త్రీకి వ్యాసం 12 సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోయింది కనుక, ఆమె విషయంలో ప్రశ్న తిరగబడుతుంది. ఎత్తు 3 సెంటీమీటర్లు చాలనుకుంటే ఇంప్లాంట్ సుమారు 225 సీసీలు అవుతుంది, 4 కావాలంటే 300, 4.8 కావాలంటే 360కి చేరుతుంది. అంటే ఆమె నిజంగా ఎంచుకుంటున్నది ప్రొఫైల్‌నే, సీసీ దాని ఫలితంగా వచ్చే సంఖ్య మాత్రమే. నిజమైన ఇంప్లాంట్ల ఆకారం ఈ గుమ్మటపు లెక్కకు కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది, తయారీదారు పట్టికలోని అంకెలే ప్రమాణం. అయినా చేతి లెక్కతో ఈ సంబంధాన్ని ఒకసారి సరిచూసుకున్న స్త్రీ సర్జన్ మాటను అర్థం చేసుకుంటూ వినగలుగుతుంది, స్నేహితురాలికి 350 పెట్టారు కనుక తనకూ 350 కావాలని పట్టుబట్టదు.

ఈ హద్దును దాటితే ఏమవుతుందో కూడా స్పష్టంగా తెలిసినదే. వ్యాసం ఎక్కువైన ఇంప్లాంట్ చంక వైపు పొడుచుకొచ్చి చేయి ఆడేటప్పుడు తగులుతుంది, లేదా లోపలి వైపు మధ్య ఎముక మీదికి జరిగి రెండు రొమ్ములనూ ఒకటిగా కలిపేస్తుంది. ఈ రెండో స్థితిని సరిచేయడం చాలా కష్టం. వ్యాసం మరీ తక్కువైతే రెండు రొమ్ముల నడుమ వెడల్పాటి ఖాళీ కనిపిస్తుంది. వెడల్పు సరిపోయినా, బిగువైన చర్మంలో మరీ ఎత్తైన ప్రొఫైల్‌ను కుక్కితే, లోపలి నుంచి నిరంతరం పడే ఒత్తిడికి చర్మం, రొమ్ము గ్రంథి ఏళ్ల తరబడి పలుచబడతాయి, స్పర్శజ్ఞానం తగ్గవచ్చు, కింది మడత దిగజారవచ్చు. పలుచబడిన కణజాలాన్ని తిరిగి మునుపటిలా చేయడం చాలా కష్టం. హై ప్రొఫైల్ చెడ్డదని దీని అర్థం కాదు. సన్నని ఛాతీ, వదులైన చర్మం ఉన్న స్త్రీకి అదే సరైన ఎంపిక కావచ్చు. శరీరం ఒప్పుకోని ప్రొఫైల్‌ను, డబ్బు కట్టేవారు అడిగారు కదా అని అమర్చే సర్జన్ మాత్రం తన పనిని సరిగ్గా చేయనట్టే.

ఆకారం, ఉపరితలం అన్న మరో రెండు నిర్ణయాలు ప్రొఫైల్‌తో ముడిపడి ఉన్నాయి. ఇంప్లాంట్లు గుండ్రనివి, లేదా కింద నిండుగా పైన పలుచగా ఉండే నీటిబొట్టు ఆకారంవి. బొట్టు ఆకారపు ఇంప్లాంట్ లోపల తిరిగిపోతే రొమ్ము వంకరగా కనిపిస్తుంది కనుక, అది కదలకుండా కణజాలానికి పట్టుకునేలా దాని పైపొరను గరుకుగా తయారుచేస్తారు. ఈ గరుకుదనానికే తీవ్రమైన ప్రశ్న ఎదురైంది: ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే పొరలో పుట్టే ఒక అరుదైన రోగనిరోధక కణాల క్యాన్సర్‌కూ ఇంప్లాంట్లకూ, ముఖ్యంగా గరుకు ఇంప్లాంట్లకూ, సంబంధం ఉందని తేలింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంబంధం గురించి 2011లో మొదట హెచ్చరించింది. 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అందువల్ల పైభాగం సహజంగా కనిపించాలన్న ఒక్క కోరికతో బొట్టు ఆకారాన్ని కోరే స్త్రీకి, నునుపైన గుండ్రని ఇంప్లాంట్‌నే మితమైన ప్రొఫైల్‌లో ఎంచుకుంటే నిలబడినప్పుడు జెల్ కిందికి ఒదిగి దాదాపు ఆ రూపమే వస్తుందన్న సంగతిని సర్జన్ తప్పక చెప్పాలి.

ఇంప్లాంట్‌ను రొమ్ము గ్రంథి కింద ఉంచాలా, పెక్టోరాలిస్ అనే ఛాతీ కండరం కింద ఉంచాలా అన్న నిర్ణయం దగ్గర నూజివీడు తోటల జీవితం నేరుగా వైద్యంలోకి వస్తుంది. పైభాగపు చిటికెడు మందం 2 సెంటీమీటర్ల లోపు ఉన్నవారికి కండరం కప్పు అవసరమవుతుంది. సాధారణంగా పైసగం కండరం కింద, కిందిసగం గ్రంథి కింద ఉండే డ్యుయల్ ప్లేన్ పద్ధతిని వాడతారు. ఎండలో కష్టపడి ఒంట్లో కొవ్వు నిలవని చాలామంది శ్రామిక స్త్రీలు ఈ కోవకే వస్తారు. అయితే కండరం బిగుసుకున్నప్పుడల్లా దాని కింది ఇంప్లాంట్ పైకీ పక్కకీ కదిలి, రొమ్ము ఆకారం క్షణకాలం వికృతం కావచ్చు. చేతుల పని అంతగా లేని ఉద్యోగినికి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. పొడవాటి గెడకు చిక్కం కట్టి, రెండు చేతులూ తలపైకి ఎత్తి కొమ్మ చివరి కాయను తొడిమతో సహా అందుకునే మనిషికి, కోసిన కాయలను ఏరి సొన కారేలా బోర్లించి, నిండిన ట్రేలను లారీలోకి అందించే మనిషికి ఆ కండరం రోజంతా పనిచేస్తుంది. అలాంటి స్త్రీ తన పని ఏమిటో సర్జన్‌కు వివరంగా చెప్పాలి. చెప్పకపోతే సర్జనే అడిగి తెలుసుకోవాలి. కణజాలం ఏ కొంచెం అనుమతించినా గ్రంథి కిందనే తక్కువ ఎత్తున్న చిన్న ఇంప్లాంట్‌ను అమర్చడం ఆమెకు మేలు కావచ్చు.

కోలుకునే కాలం కూడా ఇక్కడి కాలమానానికి తగినట్టు ఉండాలి. ఇంటిపనుల వంటి తేలికపాటి పనులకు కొద్దిరోజుల్లోనే మళ్లవచ్చు గానీ, బరువులు ఎత్తడం, చేతులు తలపైకి చాచి బలంగా లాగడం వంటివి నాలుగు నుంచి ఆరు వారాల పాటు వద్దనే సర్జన్లు చెబుతారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగే కోతల ముందు శస్త్రచికిత్స చేయించుకున్న కూలీ స్త్రీ ఆ ఏటి సంపాదనను కోల్పోవాలి, లేదా గాయం మానకముందే ట్రే ఎత్తాలి. రెండూ మంచివి కావు. వాయిదా వేయగలిగిన శస్త్రచికిత్సను కోతలు ముగిశాక పెట్టుకోవాలి. క్యాన్సర్ గడ్డకు మాత్రం ఈ మాట వర్తించదు, దాని వైద్యం ఏ పంట కోసమూ ఆగకూడదు.

క్యాన్సర్ వల్ల రొమ్మును పూర్తిగా తీసివేసిన చోట అడుగు వెడల్పును కొలవడానికి రొమ్మే ఉండదు కనుక, ఆరోగ్యంగా ఉన్న రెండో రొమ్ము కొలతకు ఆధారమవుతుంది. ఇక్కడ ఇంప్లాంట్ ఉన్న రొమ్మును నింపడానికి కాదు, లేని రొమ్ము స్థానంలో తానే నిలబడడానికి వస్తుంది. అందువల్ల గ్రంథి కొంత ఉన్నప్పటి కన్నా ఎక్కువ పరిమాణం, తరచు ఎక్కువ ప్రొజెక్షన్ అవసరమవుతాయి. చర్మం చాలకపోతే ముందుగా ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచిని అమర్చి, కొన్ని వారాల పాటు సూదితో ఉప్పునీరు నింపుతూ చర్మాన్ని క్రమంగా సాగదీసి, తరువాత దాన్ని తీసి శాశ్వత ఇంప్లాంట్‌ను ఉంచుతారు. ఈ పద్ధతిలో స్త్రీకి ఒక అరుదైన అవకాశం ఉంది: నింపే ప్రతి దశలోనూ తన జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకుని, ఇక చాలు అని తానే చెప్పవచ్చు. వయసుతో కొంత జారిన రెండో రొమ్ముతో ఇంప్లాంట్ పూర్తిగా సరితూగదు; దానిని కూడా కొద్దిగా పైకెత్తే లేదా తగ్గించే శస్త్రచికిత్స చేస్తే తప్ప రెండూ ఒక తీరుగా కనిపించవని ముందే తెలియాలి. రేడియేషన్ చికిత్స జరిగిన, లేదా జరగబోయే ఛాతీలో ఇంప్లాంట్ చుట్టూ మచ్చకణజాలం గట్టిపడే ప్రమాదం బాగా పెరుగుతుంది; అటువంటివారికి వీపు నుంచి గానీ పొట్ట నుంచి గానీ సొంత కణజాలాన్ని తెచ్చి రొమ్మును మలచడం చాలాసార్లు మెరుగైన దారి. శస్త్రచికిత్స అసలే వద్దనుకునేవారికి బ్రా లోపల పెట్టుకునే సిలికోన్ కృత్రిమ రొమ్ములు ఉన్నాయి, వాటిని ఎంచుకోవడం ఏ విధంగానూ తక్కువ నిర్ణయం కాదు.

ఇటువంటి వైద్యం డబ్బున్నవారికే పరిమితం కావాలా అన్న ప్రశ్నకు పొరుగు రాష్ట్రం ఒక జవాబు ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో చెన్నైలోని ప్రభుత్వ స్టాన్లీ వైద్య కళాశాల ఆసుపత్రి రొమ్ము శస్త్రచికిత్సలను, పరిమాణం పెంచడంతో సహా, పేదలకు ఉచితంగా అందించడం మొదలుపెట్టింది. ప్రాణాధార వైద్యానికి వాడవలసిన ప్రభుత్వ ధనం అందానికి పోతోందని విమర్శలు వచ్చాయి. రెండు రొమ్ముల మధ్య పెద్ద తేడాతో, లేదా మోయలేని బరువుతో ఏళ్ల తరబడి మెడనొప్పిని భరించిన స్త్రీ బాధను అందం అన్న మాటతో కొట్టివేయడం న్యాయం కాదు. ఆ ఆసుపత్రి వైఖరే సరైనది.

సర్జన్‌తో సంభాషణ ఎలా సాగాలన్నది ఇక మిగిలిన విషయం. ఫొటోలు చూపించడంలో తప్పు లేదు, అయితే అవి రూపం గురించిన అభిరుచిని చెబుతాయి గానీ సంఖ్యను చెప్పవు. బ్రా కప్పు అక్షరాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం కూడా పొరపాటు, ఎందుకంటే ఆ అక్షరాలు ఒక కంపెనీకి, మరో కంపెనీకి కలవవు. కప్పు సైజుకు హామీ ఇవ్వగల సర్జన్ ఎవరూ లేరు. కొలతలు ముగిశాక సర్జన్ రెండు మూడు పరిమాణాల పరిధిని సూచిస్తారు. ఆ పరిధిలో స్త్రీ ఇష్టమే అంతిమం. నమూనా ఇంప్లాంట్లను మెత్తని బ్రాలో పెట్టి, పైన తన సొంత జాకెట్టు తొడుక్కుని చూడడం, త్రీడీ కెమెరా ఉన్నచోట తెరమీది బొమ్మను చూడడం ఆ నిర్ణయానికి తోడ్పడతాయి. ఇంటి దగ్గర బియ్యంతో కూడా పరీక్షించవచ్చు: కొలగిన్నెలో 300 మిల్లీలీటర్ల గీత వరకు బియ్యం పోసి, పలుచని సాక్సులో కట్టి, బ్రాలో పెట్టుకుని ఒక పూట ఇంటిపనులు చేసుకుంటే ఆ పరిమాణం ఎంతో శరీరానికి తెలుస్తుంది, బియ్యాన్ని తూకం వేయకూడదు, ఘనపరిమాణమే చూడాలి. 25 సీసీల తేడా సాధారణంగా కంటికి ఆనదు కనుక, 300 లేక 325 అన్న తర్జనభర్జనలో నిద్ర పోగొట్టుకోవలసిన అవసరం లేదు. గదిలో భర్తో, అత్తగారో, తల్లో తోడుగా ఉండవచ్చు. పరిమాణం గురించి వారి అభిప్రాయం అడగకముందే ఆ స్త్రీ ఒంటరిగా సర్జన్‌తో కొంతసేపు మాట్లాడే ఏర్పాటు ఉండాలి. వేరొకరి మెప్పు కోసం పెంచిన పరిమాణాన్ని మోయవలసింది ఆమె ఒక్కతే.

ఇంప్లాంట్ జీవితకాలపు వస్తువు కాదన్న మాటను అన్నిటికన్నా ముందు చెప్పవలసిన సర్జన్లు చాలాసార్లు చివర చెబుతారు. శరీరం ప్రతి ఇంప్లాంట్ చుట్టూ క్యాప్సూల్ అనే మచ్చపొరను కడుతుంది. కొందరిలో అది బిగుసుకుని రొమ్మును గట్టిపరచి నొప్పి పుట్టిస్తుంది. జెల్ సంచి లోపల చిరిగినా బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కనుక, అమర్చిన అయిదారేళ్లకు మొదటిసారి, ఆ తరువాత రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై చేయించాలని ఎఫ్‌డీఏ సూచించింది. 2021 అక్టోబరులో ఆ సంస్థ ఇంప్లాంట్ల లేబులింగ్‌లో గడి కట్టి ముద్రించే తీవ్రమైన హెచ్చరికను, సంతకానికి ముందు స్త్రీతో కలిసి చదవవలసిన చెక్‌లిస్టును తప్పనిసరి చేసింది. అమెరికాలో అందం కోసం జెల్ ఇంప్లాంట్‌ను 22 ఏళ్లు నిండినవారికే అనుమతిస్తారు. గర్భం, పాలివ్వడం రొమ్ము పరిమాణాన్ని మారుస్తాయి కనుక, పాలు మానిపించి కనీసం కొన్ని నెలలు గడిచి పరిమాణం స్థిరపడ్డాకే కొలతలు తీయాలి. మామోగ్రామ్ చేయించుకునేటప్పుడు ఇంప్లాంట్ ఉన్నదని టెక్నీషియన్‌కు ముందే చెబితే వారు అదనపు కోణాల్లో చిత్రాలు తీస్తారు.

సర్జన్ అర్హతను అడిగి తెలుసుకోవడం మర్యాద తప్పడం కాదు. ఎం.ఎస్. తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. చేసి, రాష్ట్ర వైద్య మండలిలో నమోదైనవారే ఈ శస్త్రచికిత్సకు తగినవారు. సౌందర్య క్లినిక్ అన్న బోర్డు ఆ అర్హతకు రుజువు కాదు. ఇంప్లాంట్ నాణ్యత విషయంలోనూ జాగ్రత్త అవసరమని ఫ్రాన్స్‌లోని పీఐపీ కంపెనీ ఉదంతం నిరూపించింది: వైద్యానికి అనుమతి లేని పారిశ్రామిక సిలికోన్‌ను సంచుల్లో నింపి అమ్ముతున్నట్టు 2010లో బయటపడింది, వేలాదిమంది స్త్రీలు వాటిని తీయించుకోవలసి వచ్చింది, కంపెనీ స్థాపకుడికి 2013లో జైలుశిక్ష పడింది. అప్పుడు ఎవరి ఒంట్లో ఏ ఇంప్లాంట్ ఉందో తేల్చింది ఆసుపత్రి కాగితాల్లోని వివరాలే. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో కంపెనీ పేరు, మోడల్, పరిమాణం, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆసుపత్రి కేసుషీటులో అతికిస్తారు, మరొకటి పేషెంట్‌కు ఇచ్చే కార్డు మీద ఉండాలి. శస్త్రచికిత్స చేయించుకున్న ప్రతి స్త్రీ ఇంటికి బయలుదేరే ముందు ఆ కార్డును అడిగి తీసుకుని, ఆధార్, ఆరోగ్య పథకం కాగితాలతో పాటు భద్రపరచుకుని, దాని ఫొటో ఒకటి ఫోన్‌లో కూడా ఉంచుకోవాలి.